రేకుల షెడ్డులో ఎండను తట్టుకునేదెలా? ఆకాశంలో గంధకం చల్లితే భూమి చల్లబడుతుందా?

కొత్తగూడెం టైలర్ అడిగారు:

అందరికీ నమస్తే. మాది కొత్తగూడెం. ఇంటి ముందు సిమెంటు రేకుల షెడ్డులో టైలరింగ్ చేస్తాను. రెండు మిషన్లు, కటింగ్ బల్ల, ఇస్త్రీ పెట్టె. నాకు తోడు ఇంకో అమ్మాయి ఉంది. పెళ్లి బ్లౌజులన్నీ మే నెలలోనే వచ్చి పడతాయి కాబట్టి ఎండలని షెడ్డు మూసుకుని కూర్చోలేం.

మధ్యాహ్నం పన్నెండు దాటితే కత్తెర పట్టుకోగానే చెయ్యి చురుక్కుమంటుంది. మిషన్ చక్రం మీద అరచెయ్యి ఆనించలేం. చెమట చేత్తో పట్టు గుడ్డ ముట్టుకుంటే మరక పడుతుందని ఒళ్లో తువ్వాలు పెట్టుకుని మాటిమాటికీ చేతులు తుడుచుకుంటున్నాం. ఫ్యాను వేస్తే పైనున్న వేడి గాలినే కిందికి కొడుతుంది, కత్తిరించిన ముక్కలు ఎగిరిపోతాయి. పొద్దు గూకినాక కూడా రేకులు సెగలు కక్కుతూనే ఉంటాయి. మొన్న ఆ అమ్మాయికి కళ్లు తిరిగి గోడకానుకుని కూర్చుండిపోయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

పది వేలలోపు ఖర్చుతో ఈ షెడ్డు చల్లబడే దారి ఏదైనా ఉందా? తెలిసినాయన ఒకరు పాత ఏసీ తీసుకోమంటున్నారు. ఇంకో ప్రశ్న మా బాబుది. ఇంటర్ చదువుతున్నాడు. ఆకాశంలో విమానాలతో గంధకం చల్లి భూమి మొత్తాన్ని చల్లబరచొచ్చని ఎక్కడో చూశాడంట. "అంత సులువైతే ఎందుకు చెయ్యట్లేదమ్మా" అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?

ఏఎన్ఎం, పల్నాడు:

అమ్మా, ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం. నేను పనిచేసేది రెంటచింతల వైపు. ఎండాకాలం వస్తే మాకు ఇదే పని. కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, పిక్కలు పట్టేయడం కనిపిస్తే అక్కడితో పని ఆపించాలి. నీడలో పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, ఓఆర్ఎస్ నీళ్లు గానీ ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ గుక్క గుక్కగా తాగించండి. ఓఆర్ఎస్ పొడిని పాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు కంటే కీడు ఎక్కువ.

మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి. పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట ఉండగానే వడదెబ్బ తగలొచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం బిళ్ల వేస్తారు చాలామంది, వడదెబ్బకు పారాసిటమాల్ పనిచేయదు.

2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మంది దాకా పోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. ఆసుపత్రికి చేరేలోపు ఒంటి మీద రెండు బిందెల నీళ్లు పడి ఉంటే వాళ్లలో ఎంతోమంది బతికేవాళ్లు. ఈ మాట నేను వెళ్లిన ప్రతి ఇంట్లో చెప్తాను, ఇక్కడా చెప్తున్నాను.

ఫిజిక్స్ లెక్చరర్, హన్మకొండ:

మీ అబ్బాయి చూసింది నిజమేనమ్మా. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలింది. కోటిన్నర టన్నుల సల్ఫర్ డయాక్సైడ్, అంటే గంధకం కాలితే వచ్చే వాయువు, స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరింది. వాన మేఘాలకు పైన ఉండే పొర అది, అక్కడికి పోయింది త్వరగా కిందికి రాదు. ఆ వాయువు సన్నటి తుంపరగా మారి ఎండలో కొంత వెనక్కి తిప్పికొట్టింది. మరుసటి ఏడాదికి భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. అదే పని మనం విమానాలతో చేద్దామని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ తుంపర ఏడాది రెండేళ్లలో రాలిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం వందల ఏళ్లు గాలిలో ఉంటుంది. అంటే ఒకసారి మొదలుపెడితే దశాబ్దాల తరబడి ఆపకుండా చల్లుతూనే ఉండాలి. యుద్ధం వల్లో డబ్బులేకో మధ్యలో ఆగితే, అన్నాళ్లూ దాచిపెట్టిన వేడంతా కొద్ది ఏళ్లలోనే మీద పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ కలిసి సముద్రాలు ఆమ్లంగా మారడం కూడా దీనివల్ల ఆగదు.

బయట చేసి చూడడానికి కూడా దేశాలు జంకుతున్నాయి. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2021లో స్వీడన్‌లోని కిరునా దగ్గర పరికరాలను పరీక్షించడానికి ఒక బెలూన్ ఎగరేద్దామనుకుంటే, అక్కడి సామీ ఆదివాసులు ఒప్పుకోలేదు. 2024లో ఆ ప్రాజెక్టునే మూసేశారు. మెక్సికో అయితే 2023లో ఇలాంటివి నిషేధిస్తామని ప్రకటించింది. నా మటుకు నాకు, పరిశోధన మాత్రం ఆగకూడదు. ఏ దేశమో ఎవరినీ అడక్కుండా మొదలుపెడితే ఏం జరుగుతుందో ముందే లెక్కలు వేసి పెట్టుకున్నవాళ్లు మన దగ్గరా ఉండాలి. మీ అబ్బాయిలాంటి పిల్లలు ఇటు వస్తే చాలా సంతోషిస్తాను.

ఏసీ మెకానిక్, ఖమ్మం:

అక్కా, నేను ఖమ్మంలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. మీ షెడ్డు సంగతి చెప్పి తర్వాత బాబు ప్రశ్నకొస్తా, ఎందుకంటే ఆ రెండూ నా పనికి సంబంధించినవే.

పాత ఏసీ ఇప్పుడే కొనకండి. రేకుల కింద టన్నున్నర ఏసీ పెట్టినా కంప్రెసర్ ఒక్క నిమిషం ఆగదు, కరెంటు బిల్లు మీ కుట్టుకూలిని మింగేస్తుంది. వేడి వచ్చేది పైనుంచి. ముందు రేకును తెల్లగా చెయ్యండి. బూడిద రంగు పాత రేకు ఎండను పీల్చుకుంటుంది, తెల్లటి రేకు చాలావరకు వెనక్కి కొడుతుంది. రాత్రి సున్నం నానబెట్టి, తెల్లారి పలుచటి గుడ్డతో వడగట్టి, తెల్ల సిమెంటు, కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించండి. పొద్దున ఆరు గంటలకే మొదలుపెట్టాలి, ఎండెక్కాక వేస్తే పూత పట్టకముందే ఆరి పొడిగా రాలిపోతుంది. వానలకు కొంత కొట్టుకుపోతుంది, మళ్లీ వచ్చే ఫిబ్రవరిలో వేసుకోవాలి. చేతిలో డబ్బుంటే కూల్ రూఫ్ పెయింటు వేయించండి, అది కొన్నేళ్లు ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. నాచు పట్టిందని పొడి బ్రష్‌తో గీకొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. నీళ్లతో తడుపుతూ మెత్తగా కడగాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు. కింద ఇనుప పైపు ఎక్కడుందో బోల్టుల వరసను బట్టి చూసుకుని, దాని మీద అడ్డంగా చెక్క పలక వేసుకుని నడవాలి. సున్నం కంట్లో పడకుండా కళ్లద్దాలు పెట్టుకోవాలి.

తర్వాత, రేకుకు జానెడు కిందగా వెదురు తడికెలు కట్టించండి. ఆ జానెడు సందులో వేడి గాలి చేరుతుంది, రెండు కొసలూ తెరిచి పెడితే అదే బయటికి పోతుంది. థర్మాకోల్ మాత్రం వద్దు. మీ దగ్గర ఇస్త్రీ పెట్టె ఉంది, నిప్పంటుకుంటే అది భగ్గుమంటుంది. ఆ ఇస్త్రీ పెట్టెను అసలు మధ్యాహ్నం షెడ్డులో వాడకండి. వెయ్యి వాట్ల హీటరు అది. ఇస్త్రీలన్నీ పొద్దున్నే కానిచ్చేయండి. ఇవన్నీ అయ్యాక ఒక కూలర్ పెట్టుకోండి. కొత్తగూడెంలో మేలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, కానీ ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే గది ఉడికిపోతుంది. మబ్బు పట్టి ఉక్కపోసే రోజున నీళ్ల మోటరు ఆపేసి గాలి ఒక్కటే పెట్టుకోండి.

తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు. ప్రభుత్వ భవనాలకూ, 600 గజాలకు పైబడిన స్థలంలో కట్టే ఇళ్లకూ తప్పనిసరి అన్నారు. అంతకంటే చిన్న స్థలాల్లోని ఇళ్లకు ఎవరి ఇష్టం వాళ్లది. నాకు బాధనిపించేది ఇక్కడే. ఆరొందల గజాల ఇంటాయనకు ఏసీ ఉంటుంది, మా బోటివాళ్లమే పోయి బిగిస్తాం. ఎండకు మాడిపోయేది రేకుల కింద ఉన్నవాళ్లు. సున్నం ముందు వాళ్ల ఇళ్ల మీద పడాలి, అదీ ప్రభుత్వ ఖర్చుతో.

ఇప్పుడు బాబు ప్రశ్న. లెక్చరర్ గారు చెప్పింది బాగుంది. పరిశోధన చేసుకోనివ్వండి, నేను అడ్డం చెప్పను. కానీ ఆకాశం దాకా పోకముందు మా చేతుల్లో ఉన్నది ఒకటుంది, దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. ఏసీలోని గ్యాస్.

ఏసీల్లో పాతవాటిలో ఆర్-22, తర్వాతివాటిలో ఆర్-410ఏ, ఇప్పుడొచ్చేవాటిలో ఎక్కువగా ఆర్-32 ఉంటుంది. గాలిలో కలిస్తే, వందేళ్లలో పెంచే వేడి లెక్కన కిలో ఆర్-22 దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-410ఏ అయితే రెండు వేల పైన. ఆర్-32 కొంత నయం, 675. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కిలోలు. యాభై మైలేజీ ఇచ్చే బండి మీద నలభై ఐదు వేల కిలోమీటర్లు తిరిగితే ఎంత పొగో, ఒక్క కిలో 410ఏ వదిలేస్తే అంత. కిలో గ్యాస్ బయటికి పోవడానికి పట్టే టైము ఒక టీ తాగేంత.

అది ఎలా పోతుందో చెప్తాను. ఇటీవల ఒక అపార్ట్‌మెంటులో ఇల్లు ఖాళీ చేస్తున్నారు. కింది ఫ్లాటులో సర్వీసుకు పోయిన నాకు పై బాల్కనీలో కుర్రాళ్లు అవుట్‌డోర్ యూనిట్ ముందు కటింగ్ ప్లయర్ పట్టుకుని కనిపించారు. రాగి పైపు కత్తిరించి యూనిట్ దించేద్దామని. పరిగెత్తుకుంటూ పైకి పోయి ఆపాను. ఏసీ కూల్‌లో ఆన్ చేయించి, గ్యాస్ ఒత్తిడి చూపే గేజి తగిలించి, సన్న పైపు వాల్వును అలెన్ కీతో మూసేశాను. ముల్లు మెల్లగా దిగడం మొదలైంది. సున్నా దగ్గరికి రాగానే లావు పైపు వాల్వు కూడా మూసి, వెంటనే స్విచ్ ఆపించాను. అంతే, గ్యాసంతా అవుట్‌డోర్‌లోకి చేరిపోయింది, కొత్తింట్లో అదే పనికొస్తుంది. దీన్ని మేం పంప్ డౌన్ అంటాం. ఆ కుర్రాళ్లకు చెడు ఉద్దేశమేమీ లేదు, ఎవరూ నేర్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను.

ఇంకోటి. "ఏటా ఎండాకాలం ముందు గ్యాస్ నింపించుకోవాలి" అని జనంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసి, బుడగ ఎక్కడ వస్తుందో పట్టుకుని అతుకు వేయాలి. అది చేయకుండా నింపితే ఈ ఏడు నింపిందంతా వచ్చే ఏటికి ఆకాశంలో ఉంటుంది. మీ ఇంటికొచ్చే మెకానిక్‌ను "లీకు చూశావా" అని ఒక్క మాట అడగండి. ఆ మాట అడిగే కస్టమర్లు పది మంది ఉంటే మా పని తీరే మారిపోతుంది.

2016లో రువాండాలోని కిగాలిలో దేశాలన్నీ కూర్చుని 410ఏ, ఆర్-32 లాంటి గ్యాసులను తగ్గించుకుందామని ఒప్పుకున్నాయి. పూర్తిగా అమలైతే ఈ శతాబ్దం చివరికి అర డిగ్రీ దాకా వేడెక్కడం తప్పుతుందని లెక్క. లెక్చరర్ గారు చెప్పిన అగ్నిపర్వతం చల్లబరిచిందీ ఇంచుమించు అంతే కదా! మన దేశం 2021లో సంతకం ఖాయం చేసింది. 2028 నుంచి వాడకం పెరగకుండా ఆపి, 2047కల్లా 85 శాతం తగ్గించాలి. అయితే ఆ ఒప్పందం కొత్తగా తయారయ్యే గ్యాస్ గురించి. ఇప్పటికే గోడల మీద వేలాడుతున్న కోట్ల ఏసీల్లో ఉన్నది ఎవరు పట్టుకోవాలి? మేమే పట్టాలి. ఏసీలోని గ్యాస్‌ను లాగి సిలిండర్‌లో పట్టే రికవరీ మెషిన్ కొనాలంటే చిన్న మెకానిక్‌కు తలకు మించిన ఖర్చు. పట్టిన గ్యాస్‌ను కిలోకింత అని డబ్బులిచ్చి తీసుకునే చోటు జిల్లాకొకటి పెడితే రేపటి నుంచే ఒక్క గ్రాము కూడా ఎవరూ వదలరు, నేను హామీ ఇస్తాను.

గంధకం చల్లడం మీద నాకున్న భయం వానల గురించి. దేశంలో పడే వానలో ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే పడుతుంది. నేల వేడెక్కి, సముద్రం అంత వేడెక్కకుండా ఉంటేనే నైరుతి గాలి వాన మబ్బులను ఇటు లాక్కొస్తుంది. నేలను నీడలో పెడితే ఆ లాగుడు తగ్గదని ఎవరు రాసిస్తారు? ఎక్కడో ఒక దేశం తన ఎండ తగ్గించుకోబోతే పాలేరు చెరువు ఎండిపోతే ఎవరిని అడగాలి?

ఫిజిక్స్ లెక్చరర్, హన్మకొండ:

మీ భయానికి ఆధారం ఉంది. పినటుబో తర్వాతి ఏడాది ప్రపంచంలో నేల మీద పడిన వాన తగ్గింది. ఉత్తరార్ధగోళంలో మాత్రమే చల్లితే ఆఫ్రికాలోని సాహెల్ ప్రాంతానికి కరువు రావచ్చని కంప్యూటర్ మోడళ్లు చూపించాయి. రెండు వైపులా సమానంగా చల్లితే నష్టం తగ్గుతుందంటారు గానీ, అన్ని దేశాలూ కలిసి ఒకే మాట మీద ఎన్నేళ్లుంటాయన్నది ఫిజిక్స్ జవాబు చెప్పగల ప్రశ్న కాదు. గ్యాస్ గురించి మీరు రాసింది మా క్లాసులో చదివి వినిపిస్తాను. అనుమతి ఇవ్వండి.

యాసంగి రైతు, మిర్యాలగూడ:

మెకానిక్ తమ్ముడూ, మా పొలంలో కూడా ఒక గ్యాస్ ఉంది. వరి మడిలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటే అడుగున గాలి ఆడక మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు వేడి పెంచుతుంది, కాకపోతే సుమారు పన్నెండేళ్లలో చాలావరకు పోతుంది. అంటే ఇవాళ తగ్గిస్తే మన కళ్ల ముందే ఫలితం కనబడుతుందన్నమాట.

నేను చేసేది ఇది. మడిలో చిల్లులు పెట్టిన పైపు ముక్క పాతాను. అందులోకి చూస్తే నేల కింద నీళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినాకనే మళ్లీ పెడతాను. పూత టైములో మాత్రం ఆరనివ్వను. తక్కువ నీళ్లతో వరి పండించే శ్రీ పద్ధతి చేసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. మీథేన్ సగం దాకా తగ్గుతుంది, మోటరు తక్కువ నడుస్తుంది. ఉచిత కరెంటు ఉంది కదా అని ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే రాత్రంతా నీళ్లు పారుతూనే ఉంటాయి. మా ఊళ్లో ఎందరికో చెప్పాను. కొందరే వింటున్నారు, చెప్పడం మాత్రం మానను.

కొత్తగూడెం టైలర్:

అందరికీ చేతులెత్తి దండం. ఓఆర్ఎస్ పాకెట్లు తెచ్చి బల్ల సొరుగులో పెట్టాను. ఇక నుంచి పొద్దున ఆరింటికి షెడ్డు తీసి, పదకొండుకు మూసి, సాయంత్రం ఐదు నుంచి కుడతామని అనుకున్నాం. సున్నం పని ఆదివారం. పంప్ డౌన్ అంటే ఏంటో మా బాబు వీడియోలు వెతికి మరీ చూస్తున్నాడు. మెకానిక్ అన్నా, సీజన్ అయ్యాక చేతిలో డబ్బులుంటే ఇంట్లో అత్తమ్మ గదికి ఏసీ పెడదామని ఉంది. ఆమెకు బీపీ, ఎండకు తట్టుకోలేకపోతోంది. ఆ గదికి స్లాబే. ఏం చూసి కొనాలి?

ఏసీ మెకానిక్, ఖమ్మం:

పెద్దమ్మకు తప్పకుండా పెట్టండక్కా. ఎండకు పెద్దవాళ్ల ప్రాణాలు పోతుంటే ఏసీ వద్దనే మాట నేనెప్పుడూ అనను. ముందు ఆ స్లాబు మీద కూడా తెల్ల పూత వేయించండి, అప్పుడు గది చిన్నదైతే ఒక టన్ను సరిపోతుంది. ఆర్-22 ఉన్న పాతది ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఏ గ్యాసో అవుట్‌డోర్ మీద స్టిక్కర్‌లో రాసి ఉంటుంది, చదవండి. ఆర్-290 దొరికితే మంచిదే, దాని ప్రభావం చాలా తక్కువ, కానీ అది మండే గ్యాస్, కంపెనీ శిక్షణ ఉన్నవాళ్లే బిగించాలి. లేదంటే ఆర్-32లో ఐదు స్టార్లది తీసుకోండి. 26లో పెట్టి ఫ్యాను వేసుకుంటే ఆమెకు హాయిగా ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుంది. ఆమె బీపీకి నీళ్ల బిళ్లలు, అంటే మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి, వాడుతుంటే ఎండాకాలం డోసు గురించి డాక్టరును అడగండి, మా అమ్మకు అలాగే మార్చారు.

బిగించే రోజు మీరు దగ్గరుండండి. పైపులు కలిపాక లోపలి గాలి తీయడానికి వ్యాక్యూమ్ పంపు పెట్టాలి, కనీసం పావుగంట నడవాలి. కొందరు పంపు తేకుండా యూనిట్‌లోని గ్యాస్‌నే కొంచెం బుస్సుమని వదిలి గాలిని తోసేస్తారు. అలా చేయబోతే ఆపించి, పంపు తెచ్చుకుని రమ్మనండి. పంపు అద్దె మూడు నాలుగొందలు అడిగితే ఇచ్చేయండి.